సుబ్బిని అడగని పెళ్ళి: వినబడని యువతీపాత్రలు, చదువరి నైతికత

గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలో కథకు మూలం సుబ్బి పెళ్ళి. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధాన్లుకు శుల్కం పుచ్చుకొని ఇవ్వదలచుకోవడం, ఆ సంబంధం తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నడం, శిష్యుడు మహేశానికి ఆడవేషం వేయడం, ఆ వేషం నుండి ఖూనీ కేసు పుట్టుకురావడం, ఇవన్నీ సుబ్బి చుట్టూ అల్లుకున్నవే. అయినా సుబ్బి ఎలా మాట్లాడుతుంది, దేనికి నవ్వుతుంది, దేనికి భయపడుతుంది అని అడిగితే నాటకాన్ని పలుమార్లు చదివినవారు కూడా తడుముకోవలసి వస్తుంది. గిరీశం, మధురవాణి, రామప్పపంతులు మాట్లాడే తీరును అనుకరించి చూపగల పాఠకులు తెలుగునాట కొల్లలు. సుబ్బిని అనుకరించేవారు లేరు, అనుకరించడానికి ఏమీ లేదు కనుక.

ఈ వ్యాసానికి 1909 నాటి రెండవ కూర్పు ఆధారం. అందులో సుబ్బిని గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. తండ్రికి ఆమె ఒక బేరం. తల్లి వెంకమ్మకు ఆమె, వైధవ్యం పాలైన పెద్ద కూతురు బుచ్చమ్మ కథ మళ్ళీ జరగబోతున్నదనే భయం. ఆ భయంతోనే ఆమె ప్రాణత్యాగానికి తెగబడుతుంది. కరటకశాస్త్రికి సుబ్బి తీర్చుకోవలసిన బాధ్యత. గిరీశానికి ఆమె పెళ్ళి ఒక అవకాశం. సుబ్బితో మాట్లాడేవారు మాత్రం కనబడరు. తండ్రి అడగకపోవడంలో వింత లేదు. ఆమెను కాపాడబూనినవారికి కూడా ఆమెను అడగవలసిన అవసరం తోచలేదన్నది ఆలోచించవలసిన విషయం.

ఇంకొక విడ్డూరం ఉంది. పెళ్ళికూతురుగా లుబ్ధావధాన్లు ఇంట అడుగుపెట్టి, మాట్లాడి, ఆ ఇంటి మనుషులను ఏమార్చి, చివరికి తప్పించుకుపోయిన ఆ 'ఆడపిల్ల' ఆడపిల్ల కాదు. అమ్ముడుపోయిన కన్యలలో రంగస్థలం మీద మాట వినిపించేది మహేశానిది. అతనికి తెలివి ఉంది, ఆకతాయితనం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా వేషం విప్పే వీలుంది. చీర వదిలేస్తే అతను మళ్ళీ కరటకశాస్త్రి శిష్యుడు. ఆ ఇంట్లో అతను చూపిన చురుకుకు మనం నవ్వుతాం. అదే స్థానంలో సుబ్బి ఉండి ఉంటే ఆ నవ్వు ఎక్కడినుండి వచ్చేది? పెళ్ళికూతురి కష్టాన్ని హాస్యంగా చూపగలగడానికి నాటకకర్త ఆ పీటల మీద మగపిల్లవాణ్ణి కూర్చోబెట్టవలసి వచ్చింది. దీన్ని కేవలం ప్రహసన తంత్రమని సరిపెట్టుకోవచ్చు. నాకు అంతకంటే ఎక్కువే కనిపిస్తున్నది. ఆ స్థానంలో నిజమైన బాలికకు మాట ఉండదని నాటకానికి తెలుసు.

ఆ తరువాత జరిగినది ఇంకా పదునైనది. లేని పెళ్ళికూతురు మాయమైపోతే ఆమెను చంపాడన్న అభియోగం లుబ్ధావధాన్లు మెడకు చుట్టుకుంటుంది. పోలీసులు, వకీళ్ళు, సాక్షులు అందరూ కదులుతారు. ఉండనే లేని ఒక బాలిక ఆచూకీ కోసం ఇంత వ్యవహారం నడుస్తుంది. ఉన్న బాలికల మాటేమిటి? దీనికి సమాధానం నాటకంలో కాక, 1897 నాటి మొదటి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉంది. విజయనగర మహారాజు ఆనందగజపతి తయారు చేయించిన పట్టికను ఆయన అక్కడ ప్రస్తావించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు 1034. ఆ బాలికలలో ఐదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుండి 400 రూపాయలు. సాహిత్య చరిత్రలలో ఈ అంకెలను సంఘదురాచార తీవ్రతకు సాక్ష్యంగా ఉదహరిస్తారు. అది సరైనదే. వాటిని ఇంకొక విధంగా కూడా చదవాలి. ఈ పిల్లలు లెక్కకు అందారు, వయసు నమోదైంది, ధర నమోదైంది. చూడటమంటే ఇదే అయితే వారిని క్షుణ్ణంగా చూశారు. అంత క్షుణ్ణంగా చూడబడి కూడా కనబడకుండా ఉండవచ్చునని ఈ పట్టిక చెబుతున్నది.

మన పరిశోధన వ్యాసాలలో ఇటువంటి పాత్రలను 'మౌనపాత్రలు' అనడం అలవాటు. సుబ్బిని గురించి నేనూ ఒకప్పుడు ఆ మాటే రాశాను. ఇప్పుడది తప్పనిపిస్తున్నది. మౌనం అనేది మాట్లాడగల వ్యక్తి చేసే పని, ఆ వ్యక్తి గుణం. సుబ్బి మౌనంగా లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. 'మౌనం' అనగానే లోపం ఆ బాలిక నోటిలో ఉన్నట్టవుతుంది. 'అడగలేదు' అంటే చుట్టూ ఉన్నవారి చెవుల మీదికి, మనసుల మీదికి విచారణ మళ్ళుతుంది. వినబడకపోవడం వక్త స్థితి కాదు, శ్రోత చర్య అన్నది ఈ వ్యాసంలో ప్రధాన వాదం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సుబ్బి కాగితం మీది వ్యక్తి. ఆమెకు అన్యాయం జరిగిందనడంలో అర్థమేముంది? కల్పిత పాత్ర పట్ల చదువరికి నైతిక బాధ్యత ఎలా ఉంటుంది? ఈ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చకూడదు. సుబ్బికి మనం మేలూ చేయలేం, కీడూ చేయలేం. కానీ చదవడం ఒక అభ్యాసం. ఒక బాలిక జీవితం మీద నిర్ణయాలు జరుగుతున్న చోట ఆ బాలిక లేదన్న సంగతి గమనించకుండా ఏడు అంకాలు నవ్వుతూ దాటగలిగిన చదువరి ఏ అభ్యాసం చేస్తున్నట్టు? పుస్తకం మూసిన తరువాత ఆ అలవాటు వెంట రాదని ఎవరు చెప్పగలరు? నా బాధ్యత సుబ్బి పట్ల కాదు, నా వినికిడి పట్ల. అది నిజమైన మనుషుల మధ్య పనిచేసేదే.

వినబడకపోవడం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. సుబ్బికి మాట అడిగేవారు లేరు. శకుంతలకు మాట ఉంది, ధైర్యం ఉంది, శాస్త్రజ్ఞానం కూడా ఉంది. నన్నయ ఆదిపర్వంలో ఆమె కొడుకును వెంటబెట్టుకొని రాజసభకు వచ్చి, సత్యం గురించి, భార్య గురించి, పుత్రుని గురించి దుష్యంతునితో వాదించిన తీరు తెలుగు పద్యసాహిత్యంలో ఎన్నదగిన వాదనలలో ఒకటి. ఆ పద్యాలను నేటికీ పాఠ్యపుస్తకాలలో చదువుతున్నాం, వల్లె వేయిస్తున్నాం. అయితే అంత చక్కటి వాదన ఆ సభలో నెగ్గలేదన్న సంగతి పాఠ్యాంశం ముగిసేసరికి మరుగున పడుతుంది. ఆమె మాటను నిజమని తేల్చినది ఆకాశవాణి. శరీరం ఉన్న స్త్రీ చెప్పినప్పుడు నమ్మని సభ శరీరం లేని గొంతు చెబితే నమ్మింది.

పైగా దుష్యంతునికి ఆమె ఎవరో తెలుసు. ఎరిగీ ఎరగనట్టు ఉన్నాడు. లోకం శంకిస్తుందని అలా చేశానని తరువాత చెప్పుకున్నాడు. కాళిదాసు ఈ ఘట్టంలో దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చి రాజు మతిమరుపుకు కారణం కల్పించాడు. నాటకంగా అది గొప్ప మార్పు. నైతికంగా చూస్తే అది నిందను మనిషి నుండి శాపానికి మళ్ళించింది. భారతంలోని దుష్యంతుడు నిజాయతీ లేనివాడే గాని మరచిపోయినవాడు కాడు. అందుకే ఆ కథ మన ప్రశ్నకు ఎక్కువ ఉపకరిస్తుంది. వినకపోవడానికి చెవులు లేకపోవడం, అర్థం కాకపోవడం ఒక్కటే కారణం కాదు. విన్నాను అని ఒప్పుకుంటే చెల్లించవలసినది ఉంటుంది. రాజుకు అది లోకాపవాదం. ఆ వెలను ఆకాశవాణి తన మీద వేసుకున్నాకనే ఆయనకు జ్ఞాపకం వచ్చింది. మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన గ్రంథంలో, చెప్పేవారి సామాజిక స్థానాన్నిబట్టి వారి మాటకు విలువ తగ్గించడాన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించి, దాన్ని సాక్ష్యానికి సంబంధించిన అన్యాయమన్నారు. శకుంతల విషయానికి ఆ భావన చాలావరకు సరిపోతుంది. కానీ ఫ్రికర్ ప్రధానంగా చర్చించిన శ్రోత దురభిప్రాయం వల్ల నమ్మనివాడు. దుష్యంతుడు నమ్మి, నమ్మలేదన్నవాడు. ఇతనికి తెలియజేయవలసినదేమీ లేదు. ఇతనికి ఎంత చక్కగా చెప్పినా ప్రయోజనం లేదు. స్త్రీలు గట్టిగా మాట్లాడటం నేర్చుకోవాలని హితవు చెప్పేవారు ఈ సభను ఒకసారి తలచుకోవడం మంచిది.

మూడవ తీరు పూర్ణమ్మది. 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ'లో ఆమె మాట్లాడుతుంది, ఇంటివారు వింటారు, కన్నీరు కూడా పెట్టుకుంటారు. అయినా ఆ మాట చేరదు. ముసలి మగడు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అత్తవారింటికి పోయే పిల్ల అందరికీ మొక్కుతుంది, పెద్దలు దీవిస్తారు, ఆ దీవెనలకు ఆమె పక్కున నవ్వుతుంది. అన్నదమ్ములతో తన పేరు తలచుకోమంటుంది, వారి బిడ్డలలో ఒకరికి తన పేరు పెట్టమంటుంది. తరువాత ఒంటరిగా దుర్గ గుడికి పోతుంది, తిరిగి రాదు. కవితను రెండవసారి చదివేటప్పుడు ఆ మాటలు వీడ్కోలు కావని, అంతిమ వాక్కులని స్పష్టంగా తెలుస్తుంది. మరి వాటిని ఎదురుగా నిలబడి విన్నవారికి ఎందుకు తెలియలేదు?

నాకు తోచే కారణం ఒకటుంది. పెళ్ళికూతురు ఏడవడానికి మన సంప్రదాయంలో చోటుంది. అప్పగింతల వేళ పిల్ల ఏడవాలి, తల్లి ఏడవాలి, చుట్టూ ఉన్నవారు కళ్ళు ఒత్తుకోవాలి. ఆ దుఃఖానికి ఒక పద్ధతి ఏర్పడి ఉంది, పాటలున్నాయి. పూర్ణమ్మ నిరాకరణ ఆ పద్ధతిలో కలిసిపోయింది. దుఃఖానికి అనుమతి ఉన్నచోట దుఃఖం అభ్యంతరంగా వినబడదు. ఆ పిల్ల ఏడవకుండా ఉండి ఉంటేనే ఎవరైనా ఉలిక్కిపడేవారేమో. ఆమె నవ్వు ఒక్కటే ఆ పద్ధతికి పొసగనిది. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

గాయత్రీ స్పివాక్ 1988లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం చివర భువనేశ్వరి భాదురి అనే యువతి కథ ఉంది. 1926లో కలకత్తాలో ఆమె ఉరివేసుకున్నది. అక్రమ గర్భం వల్ల చనిపోయిందని అనుకోకుండా బహిష్టు అయ్యేవరకు ఆగి మరీ ఆ పని చేసింది. అంత జాగ్రత్తగా తన శరీరంతో ఆమె చెప్పిన మాటను కూడా తరువాతి తరంవారు విఫల ప్రేమగానే చెప్పుకున్నారు. అధీనురాలు మాట్లాడలేదు అన్న స్పివాక్ నిర్ధారణను మనవాళ్ళు తరచు నోరు లేకపోవడంగా అన్వయిస్తారు. ఆ కథనుబట్టి చూస్తే లేనిది నోరు కాదు, ఆ మాటను మాటగా పుచ్చుకునే ఏర్పాటు.

పూర్ణమ్మ విషయంలో నన్ను కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఆమె మాట ఇంటివారికి చేరకపోయినా మనకు చేరింది. ఎందుకు చేరింది? ఆమె చనిపోయింది కనుక. ఆమె ఆ ముసలివాని వెంట వెళ్ళి పాతికేళ్ళు కాపురం చేసి ఉంటే, ఆ పాతికేళ్ళలో ప్రతిరోజూ ఇవే మాటలు మరొక విధంగా చెప్పి ఉంటే, మనం వినేవాళ్ళమా? పిల్ల చెరువు పాలైతేనే విని, బతికుండగా వినని చదువరి తరగతిలో మనమూ ఉన్నామేమో. 1034 మందిలో అత్యధికులు చెరువు దారి పట్టి ఉండరు. ఇంటి పని చేసి ఉంటారు.

వినగలిగినవారు ఎవరు అన్న ప్రశ్నకు లిఖిత సాహిత్యం కంటే స్త్రీల పాటలలో మంచి సమాధానం దొరుకుతుంది. వాల్మీకి రామాయణంలో ఊర్మిళకు దక్కిన చోటు అత్యల్పం. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి పోతే పద్నాలుగేళ్ళు అయోధ్యలో ఉన్న ఆ చిన్నదాని సంగతి కావ్యానికి పట్టలేదు. తెలుగు స్త్రీలు పాడుకునే 'ఊర్మిళాదేవి నిద్ర' ఆమె గదిలోకి వెళ్ళింది. పద్నాలుగేళ్ళ నిద్ర నుండి లేచి, తన గదిలోకి వచ్చిన మగవాణ్ణి పరాయివాడనుకొని ఊర్మిళ మందలిస్తుంది. పరస్త్రీని ఆశించినవారికి పట్టిన గతి ఏకరువు పెడుతుంది. ఆ పరాయివాడు భర్తే. పాటలో ఇది ప్రేమపూర్వకమైన ఘట్టమే, సుఖాంతమే. అయితే ఇన్నేళ్ళు తనను తలవని భర్త ఆమెకు నిజంగానే పరాయివాడన్న మాట ఆ పొరపాటు మాటున ఎంత చక్కగా చెప్పారు! వెల్చేరు నారాయణరావు ఈ పాటలను చర్చిస్తూ ఇవి స్త్రీలు తమదిగా చేసుకున్న రామాయణమని చూపారు. పాడినవారికి తలుపు మూసిన గది సంగతి తెలుసు. వారు ఊర్మిళకు గొంతు 'ఇవ్వలేదు', తమ ఇళ్ళలో విన్నదాన్ని గుర్తుపట్టారు. 2010లో పుస్తకంగా వచ్చిన ఓల్గా 'విముక్త' కథలలో ఊర్మిళ ఏకాంతం నిద్రగా కాక, తనను తాను తరచి చూసుకున్న సాధనగా మారింది. రెండింటి దృక్పథాలు వేరు. కానీ ఓల్గా చేసిన పనికి ముందే పేరు తెలియని గాయనులు దారి వేసి ఉంచారన్నది మన విమర్శలో తగినంతగా చెప్పలేదు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథను కూడా ఈ వరుసలోనే చదవాలి. ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. చదువు, ప్రతిభ ఉన్న ఒక యువతి పెళ్ళయ్యాక ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో మునిగి ఒకనాడు తన పేరు ఏమిటా అని వెతుక్కుంటుంది. ఇంట్లో ఎవరికీ ఆ అవసరం కలగలేదు, పిలవడానికి వేరే మాటలున్నాయి. చివరికి పాత స్నేహితురాలు ఆమెను శారదా అని పిలుస్తుంది. కథలో విడుదల ఆ పిలుపులో ఉంది. శారద గట్టిగా మాట్లాడటం నేర్చుకోవడం వల్ల కాదు, ఆమెను ఆమెగా ఎరిగినవారు ఒకరు మిగిలి ఉండటం వల్ల పేరు దొరికింది. పూర్ణమ్మ తన పేరు పుట్టబోయే బిడ్డకు పెట్టమని కోరి వెళ్ళిపోయింది. శారద తన పేరు తానే తిరిగి పుచ్చుకుంది. ఈ రెండు కథల మధ్య ఉన్న దూరం కవి ప్రతిభకు సంబంధించినది కాదు.

ఇక మనవంటి పరిశోధకుల మాట. మనం ఆ గాయనులమూ కాదు, ఆ స్నేహితురాలమూ కాదు. సుబ్బి మనసులో ఏముందో కల్పించి రాసే హక్కు సృజనకారులకు ఉంది, మనకు లేదు. సుబ్బి చేత మనకు నచ్చిన నిరసన పలికిస్తే మహేశానికి కట్టిన చీర మళ్ళీ కట్టినట్టే. అలాగని 'మౌనం' అని ఒక మాట రాసి ముందుకు సాగడమూ సరికాదు. ఎవరు అడగాలో, ఎక్కడ అడగలేదో, అడగకపోవడం వల్ల ఎవరికి ఏ సౌకర్యం కలిగిందో గ్రంథం నుండి చూపడం మన చేతిలోని పని. అది చేస్తున్నప్పుడు రచయితను కూడా విడిచిపెట్టకూడదు. సుబ్బిని అడగకపోవడం గురజాడ తెలిసి చూపినదని నేను నమ్ముతున్నాను. మహేశం వేషం, లేని పిల్ల ఖూనీ కేసు అందుకు ఆధారాలు. బుచ్చమ్మ విషయంలో నాకు అంత నమ్మకం లేదు.

చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకొని సౌజన్యారావు పంతులు దగ్గరకు వెళుతుంది. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న ఆ సంస్కర్త ఆమె మాట వినడానికి ఆ వేషం కావలసి వచ్చింది. ఆడవేషం వేసుకున్న మగపిల్లవాడు అమ్ముడుపోయిన నాటకంలోనే ఇది జరగడం యాదృచ్ఛికం కాదు. గిరీశం నిజస్వరూపం అక్కడ బయటపడుతుంది. సౌజన్యారావు మంచివాడు, అతని నిర్ణయమూ మంచిదే. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలి, ఆమె చదువుకోవాలి. గిరీశాన్ని నమ్మి ఇల్లు విడిచి వచ్చిన ఆ యువతి జీవితం ఈ విధంగా రెండవసారి నిర్ణయమైంది. మొదటిసారి తండ్రి నిర్ణయించాడు. ఇప్పుడు ఆమె హితం కోరే పెద్దమనిషి నిర్ణయించాడు. ఆ గదిలో బుచ్చమ్మ లేదు. కథ తనకు అడ్డం తిరిగిందని గిరీశం వాపోయిన మాట తెలుగువారందరి నోటా నానుతున్నది. ఆ కబురు విన్నప్పుడు బుచ్చమ్మ ఏమన్నదో చెప్పకుండానే తెర పడింది.